కథోలిక సంప్రదాయంలో మృతుల స్మరణ

మృతుల స్మరణ అనునది కథోలిక క్రైస్తవ సభలో, మరణించిన వారి ఆత్మల కొరకు జీవించి ఉన్నవారు చేసే ప్రార్థనలు, పూజలు, సమాధుల సందర్శన, దానధర్మాలు మొదలైన ఆచారాలకు గల ఉమ్మడి పేరు. ఏటా నవంబరు 2 న వచ్చే సకల మృతుల స్మరణ దినం వీటిలో ముఖ్యమైనది. తెలుగునాట ఈ దినాన్ని ఆత్మల పండుగ, సమాధుల పండుగ అని కూడా వ్యవహరిస్తారు. ఈ ఆచారాలు ఎక్కువగా విచారణ స్థాయిలో జరుగుతాయి. ఒక గురువు పర్యవేక్షణలో ఉండే విశ్వాసుల సమాజాన్ని, ఆ సమాజం నివసించే ప్రాంతాన్ని తెలుగు కథోలికులు విచారణ అంటారు.

మృతుని స్మరించడం కుటుంబ ధర్మమని అనేక సంస్కృతులు భావిస్తాయి. కథోలిక సంప్రదాయం దీనిని కుటుంబంతో పాటు సమాజం మొత్తానికి చెందిన ధర్మంగా పరిగణిస్తుంది. వారసులు లేనివారు, పేదవారు, పేరు కూడా తెలియనివారు స్మరణకు దూరం కారాదన్నది దీనిలోని మూలసూత్రం. ఈ సూత్రం ఆచరణలో అన్ని కాలాలలోను ఒకే విధంగా అమలు కాలేదు. ధనం, కులం, మరణించిన విధానం వంటి కారణాలతో కొందరు మృతులకు స్మరణ గాని, సమాధి స్థలం గాని దక్కని సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. ఈ ఆచారాల చరిత్రలో అధిక భాగం ఆ లోపాలను, వాటిని సవరించడానికి జరిగిన ప్రయత్నాలను తెలియజేస్తుంది.

విశ్వాస నేపథ్యం

కథోలిక బోధన ప్రకారం సభ మూడు స్థితులలో ఉంటుంది: భూమిపై జీవిస్తున్నవారు, మరణానంతరం శుద్ధి పొందుతున్నవారు, మోక్షంలో దేవుని దర్శించుచున్న పునీతులు. ఈ మూడు వర్గాల మధ్య గల బంధాన్ని పునీతుల సంబంధం అంటారు. మరణం ఈ బంధాన్ని తెంచదని విశ్వాసం.

దేవుని స్నేహంలో మరణించినప్పటికీ పూర్తిగా పరిశుద్ధులు కాని వారు మోక్షప్రవేశానికి ముందు పొందే శుద్ధిని తెలుగు కథోలికులు ఉత్తరించు స్థలము అనే పేరుతో వ్యవహరిస్తారు. పేరులో స్థలం అని ఉన్నా అది ఒక ప్రదేశం అని సభ సిద్ధాంతంగా నిర్ణయించలేదు. 2011 జనవరిలో పోపు 16వ బెనెడిక్టు జెనోవాకు చెందిన పునీత కేథరీన్ గురించి ప్రసంగిస్తూ, ఆమె దీనిని బయటి అగ్నిగా కాక ఆత్మ లోపలి అగ్నిగా భావించినదని వివరించాడు. అక్కడ ఉన్నవారికి మోక్షం నిశ్చయమే. వారికి తోడ్పడేవి జీవించి ఉన్నవారి ప్రార్థనలు, అన్నింటికంటె ముఖ్యంగా దివ్యబలిపూజ అని బోధన.

దీనికి ఆధారంగా చూపే బైబిలు భాగాలలో మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం ముఖ్యమైనది. యుద్ధంలో మరణించిన తన సైనికుల వస్త్రాల క్రింద విగ్రహాలకు సంబంధించిన తాయెత్తులు దొరకగా, యూదా మక్కబీయుడు వారి పాప పరిహారం కొరకు రెండు వేల వెండి నాణేలు సేకరించి యెరూషలేముకు పంపినట్లు అందులో ఉంది. అంటే ఆ ప్రార్థన తప్పు చేసినవారి కొరకు జరిగినది. ఈ గ్రంథం కథోలిక బైబిలులో ఉంది గాని, ప్రొటెస్టెంటు సంఘాలు వాడే తెలుగు బైబిలులో లేదు. ఈ విషయంలో రెండు శాఖల మధ్య గల భేదానికి ఇది ఒక కారణం.

మృతుల కొరకు ప్రార్థించడం వేరు, మృతులతో సంభాషించ ప్రయత్నించడం వేరు. ఆత్మలను పిలవడం, వారి నుండి సమాచారం కోరడం వంటి వాటిని సభ నిషేధిస్తుంది.

చరిత్ర

తొలి శతాబ్దాలు

మూడవ శతాబ్దపు ఆరంభంలో ఉత్తర ఆఫ్రికాకు చెందిన తెర్తుల్లియను, మృతుల సంవత్సరికం నాడు వారి కొరకు అర్పణ చేయడం అప్పటికే క్రైస్తవుల ఆచారంగా ఉన్నట్లు వ్రాశాడు. రోమను సమాజంలో బంధువులు సమాధుల వద్ద భోజనాలు చేసే పద్ధతి ఉండేది. క్రైస్తవులు కూడా హతసాక్షుల సమాధుల వద్దకు ఆహారం, ద్రాక్షారసం తీసుకొని వెళ్ళేవారు. పునీత అగస్టీను తల్లి మోనికా ఈ ఆచారం పాటించేది. మిలాను నగరంలో పీఠాధిపతి అంబ్రోసు దీనిని నిషేధించినాడని తెలిసి ఆమె మానివేసింది.

క్రీ.శ. 387 లో రోము సమీపంలోని ఓస్తియా రేవులో మోనికా మరణించింది. తన దేహాన్ని ఎక్కడ పాతిపెట్టినా ఫరవాలేదని, బలిపీఠం వద్ద మాత్రం తనను స్మరించమని ఆమె కుమారులను కోరినట్లు అగస్టీను తన ఆత్మకథలో తెలిపాడు. అంతకు మునుపు ఆమె స్వదేశంలో భర్త ప్రక్కనే సమాధి కావాలని ఆశించి స్థలం కూడా సిద్ధం చేసుకొన్నది. సమాధి కంటె ప్రార్థనకు ప్రాధాన్యం ఇచ్చే కథోలిక దృష్టికి ఈ సంఘటనను ఉదాహరణగా చూపుతారు. సుమారు 421 లో అగస్టీను మృతుల పట్ల వహించవలసిన శ్రద్ధ గురించి ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. అంత్యక్రియల ఆడంబరం జీవించి ఉన్నవారికి ఓదార్పే గాని మృతులకు సహాయం కాదని అందులో అభిప్రాయపడ్డాడు. నోలా పీఠాధిపతి పౌలీను అడిగిన ప్రశ్నకు సమాధానంగా వ్రాసినది ఈ గ్రంథం.

మఠాల కాలం

ఆరవ శతాబ్దపు చివరలో మహా గ్రెగోరి పోపు వ్రాసిన సంవాదాలు అనే గ్రంథంలో యూస్తు అనే సన్యాసి కథ ఉంది. వైద్యం తెలిసిన ఇతడు మఠ నియమానికి విరుద్ధంగా మూడు బంగారు నాణేలు దాచుకొన్నాడు. ఆ సంగతి అతని మరణ సమయంలో బయటపడింది. మొదట కఠినంగా వ్యవహరించిన గ్రెగోరి, తరువాత అతని కొరకు వరుసగా 30 దినాలు పూజ చేయించాడు. ముప్పయ్యవ దినాన తనకు ఉపశమనం కలిగినదని యూస్తు ఒక సోదరునికి కలలో కనిపించి చెప్పినట్లు కథనం. ఒక మృతుని కొరకు వరుసగా 30 రోజులు చేసే పూజలకు గ్రెగోరియను పూజలు అనే పేరు దీని నుండే వచ్చింది. ఈ పద్ధతి నేటికీ ఉంది.

ఫ్రాన్సులోని క్లూనీ మఠానికి 994 నుండి 1049 వరకు అధిపతిగా ఉన్న పునీత ఓదిలో, సుమారు 998 లో, సకల పునీతుల పండుగ మరునాడు మృతులందరి కొరకు ప్రార్థించాలని తన మఠాలకు ఆజ్ఞాపించాడు. అంతవరకు ఏ మఠం తన మృతులను, తనకు దానాలిచ్చిన వారిని స్మరించుకొనేది. ఓదిలో ఏర్పాటు చేసిన దినంలో పరిచయం లేని వారికి కూడా స్థానం లభించింది. క్లూనీ క్రింద అనేక మఠాలు ఉండడంతో ఈ దినం యూరపు అంతటా వ్యాపించింది.

క్లూనీలో మృతుల స్మరణకు, అన్నదానానికి విడదీయలేని సంబంధం ఉండేది. సన్యాసి మరణించినప్పుడు అతని భోజనం వాటాను కొన్నాళ్ళ పాటు పేదలకు పెట్టేవారు. స్మరించవలసిన పేర్ల పట్టిక పెరిగిన కొలదీ ఈ భారం కూడా పెరిగి, 12వ శతాబ్దంలో మఠాధిపతి పీటరు వెనరబులు ఈ విధంగా భోజనం పెట్టే పేదల సంఖ్యను దినానికి 50 కి పరిమితం చేయవలసి వచ్చింది.

వివాదం, సంస్కరణ

మధ్యయుగం చివరి నాటికి ధనికులు తమ ఆత్మ కొరకు శాశ్వతంగా పూజలు జరగడానికి భూములు, సొమ్ము వ్రాసి ఇచ్చేవారు. పేదవారికి అట్టి అవకాశం లేదు. పాపాలకు కలిగే శిక్ష నుండి సభ ఇచ్చే విమోచనాన్ని ధనానికి అమ్ముతున్నారనే ఆరోపణపై మార్టిన్ లూథర్ 1517 లో తన 95 వాదాలను ప్రకటించాడు. చరిత్ర పాఠ్యపుస్తకాలలో పాపపరిహార పత్రాలు అని పేర్కొనేవి వీటినే. ఇంగ్లాండులో ఆరవ ఎడ్వర్డు కాలంలో 1547 నాటి చట్టంతో మృతుల పూజల కొరకు ఏర్పడిన ధర్మనిధులు రద్దయినాయి.

1563 డిసెంబరులో త్రెంతు మహాసభ తన 25వ సమావేశంలో, ఆత్మశుద్ధి స్థితి ఉన్నదని, అక్కడి ఆత్మలకు విశ్వాసుల ప్రార్థనలు తోడ్పడతాయని పునరుద్ఘాటించింది. అదే తీర్మానంలో, సామాన్యులకు అర్థం కాని సూక్ష్మ వాదాలను ప్రసంగాలలో చొప్పించరాదని, మూఢనమ్మకానికి, నీచమైన లాభాపేక్షకు తావియ్యరాదని పీఠాధిపతులను ఆదేశించింది. సిద్ధాంతాన్ని నిలుపుకొంటూనే దుర్వినియోగాన్ని అంగీకరించిన తీర్మానంగా దీనిని పరిగణించవచ్చును.

ఇరవయ్యవ శతాబ్దం

మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షలాది సైనికులు మరణిస్తున్న కాలంలో, 1915 ఆగస్టు 10 న పోపు 15వ బెనెడిక్టు నవంబరు 2 న ప్రతి గురువు మూడు పూజలు చేయవచ్చునని అనుమతించాడు. అంతకు ముందు 1748 నుండి ఈ అనుమతి స్పెయిను, పోర్చుగలు, వాటి వలస రాజ్యాలకు మాత్రమే ఉండేది. మూడు పూజలలో ఒకటి గురువు తాను ఎంచుకొన్న వారి కొరకు, రెండవది సకల మృతుల కొరకు, మూడవది పోపు ఉద్దేశాల కొరకు అర్పించాలి. వీటిలో ఒక పూజకు మాత్రమే కానుక తీసుకొనవచ్చును. ధర్మనిధులు అంతరించిపోవడంతో పూర్వులు ఏర్పాటు చేసిన పూజలు చాలా చోట్ల ఆగిపోయినాయని, యుద్ధంలో పోయిన అసంఖ్యాకులకు ప్రార్థన అవసరమని పోపు ఇందుకు కారణాలుగా చూపాడు.

రెండవ వాటికను మహాసభ (1962-1965) తరువాత అంత్యక్రియల క్రమం మారింది. 1969 లో వెలువడిన క్రొత్త క్రమంలో భయం కంటె పునరుత్థాన విశ్వాసానికి ప్రాధాన్యం లభించింది. అంతకు ముందు నల్లని పూజావస్త్రాలు తప్పనిసరి. ఇప్పుడు ఊదా రంగు లేదా నలుపు వాడతారు. కొన్ని దేశాలలో తెలుపుకు కూడా అనుమతి ఉంది. తీర్పు దినపు భీకరత్వాన్ని వర్ణించే లాటిను గీతాన్ని మృతుల పూజ నుండి తొలగించారు.

అంత్యక్రియలు

అంత్యక్రియల క్రమం సాధారణంగా మూడు చోట్ల సాగుతుంది: ఇంటి వద్ద, దేవాలయంలో, సమాధి వద్ద.

ఇంటి వద్ద బంధువులు, ఇరుగుపొరుగువారు కూడి జపమాల చెబుతారు. తెలుగు గ్రామాలలో గురువు అందుబాటులో లేనప్పుడు ఉపదేశి ఈ ప్రార్థనలు నడిపిస్తాడు.

దేవాలయంలో శవపేటికను బలిపీఠం ఎదుట ఉంచుతారు. దాని సమీపంలో వెలిగించే పెద్ద కొవ్వొత్తి, ఈస్టరు రాత్రి ఆశీర్వదించిన పాస్కా వత్తి. జ్ఞానస్నానంలో కూడా ఇదే వత్తి నుండి వెలుగు ఇస్తారు. పూజ చివర పేటికపై తీర్థజలం చిలకరించి, సాంబ్రాణి ధూపం వేస్తారు. జలం జ్ఞానస్నానాన్ని గుర్తు చేస్తుంది. ధూపం ఆ దేహం పరిశుద్ధాత్మకు ఆలయంగా ఉండినదని తెలిపే గౌరవ చిహ్నం.

సమాధి వద్ద గురువు గోతిని ఆశీర్వదిస్తాడు. వచ్చినవారు గుప్పెడు మట్టి వేయడం తెలుగునాట సాధారణం.

పెద్ద గురువారం, పవిత్ర శుక్రవారం, పవిత్ర శనివారం, ఈస్టరు దినాలలోను, ఆగమన, తపస్సు, పాస్కా కాలాల ఆదివారాలలోను, ముఖ్య మహోత్సవ దినాలలోను శవపేటిక ఎదుట అంత్యక్రియల పూజ జరగదు. అట్టి సమయంలో వాక్య పఠనం, ప్రార్థనలతో సమాధి చేసి, పూజను మరొక దినాన చేస్తారు.

మరణించినవారి వివరాలను విచారణ మృతుల రిజిస్టరులో నమోదు చేస్తారు. జ్ఞానస్నాన, వివాహ రిజిస్టర్ల వలెనే ఇది కూడా విచారణ కార్యాలయంలో భద్రపరచవలసిన పుస్తకం. గ్రామ చరిత్ర, కుటుంబ చరిత్ర పరిశోధకులకు ఈ రిజిస్టర్లు ఉపయోగపడతాయి.

లాటిను సంప్రదాయంలో మరణం తరువాత మూడవ, ఏడవ, ముప్పయ్యవ దినాలు, సంవత్సరికం స్మరణ దినాలు. తూర్పు సంప్రదాయాలలో మూడవ, తొమ్మిదవ, నలుబదియవ దినాలకు ప్రాధాన్యం. ఐర్లండులో ముప్పయ్యవ దినం నాటి పూజకు బంధుమిత్రులు తప్పక వస్తారు.

పూజ, కానుక

పూజ చేయునప్పుడు గురువు దానిని ఒక ఉద్దేశానికి అర్పించవచ్చు. మృతుని ఆత్మశాంతి ఇందులో ఒకటి. పూజ చేయించేవారు విచారణ కార్యాలయంలో పేరు, తేది వ్రాయించి కొంత కానుక ఇస్తారు. పూజకు ముందు ఉపదేశి గాని గురువు గాని ఆ పేర్లు చదువుతారు. పేరు పైకి చదవకపోయినా ఉద్దేశం నెరవేరుతుంది. పేరు చదవడం సమాజం కూడా ప్రార్థనలో కలియుటకే.

ఈ కానుక పూజకు వెల కాదు. 1983 నాటి సభా ధర్మశాస్త్రం దీనిపై స్పష్టమైన నియమాలు విధించింది:

* పూజా కానుకల విషయంలో వ్యాపారపు పోలిక కూడా కనిపించరాదు (947).
* స్వీకరించిన ప్రతి కానుకకు, అది ఎంత చిన్నదైనా, వేరుగా ఒక పూజ చేయాలి (948).
* గురువు ఒక దినంలో ఎన్ని పూజలు చేసినా, క్రిస్మసు దినాన తప్ప, ఒక కానుకనే తన కొరకు ఉంచుకొనవచ్చును (951).
* కానుక మొత్తాన్ని ఆ ప్రాంతపు పీఠాధిపతులు నిర్ణయిస్తారు. గురువు అంతకు మించి అడుగరాదు (952).
* కానుక ఇవ్వలేని పేదల కొరకు కూడా గురువులు పూజ చేయవలెనని గట్టిగా సూచించబడింది (945).
* అంత్యక్రియల విషయంలో పేదలకు ఏ లోటు జరగరాదు (1181).

అనేక కానుకలను కలిపి ఒకే పూజ చేసే పద్ధతిని క్రమబద్ధం చేస్తూ 1991 లో ఒక ఆదేశం వెలువడింది. 2025 ఏప్రిలు 20 నుండి ఇదే అంశంపై మరొక ఆదేశం అమలులోకి వచ్చింది. కానుక ఇచ్చినవారికి ముందే తెలియజేసి, వారు ఇష్టపూర్వకంగా అంగీకరించినప్పుడే ఇట్లు చేయవచ్చునన్నది రెండింటిలోను ప్రధాన నిబంధన.

ఎవరూ కానుక ఇవ్వకపోయినా ప్రతి పూజలోను కృతజ్ఞతా ప్రార్థన మధ్యలో మృతులందరినీ స్మరించే భాగం ఉంటుంది. అందువలన ఎక్కడ పూజ జరిగినా తనవారు లేని మృతుడు కూడా ఆ ప్రార్థనలో చేరుతాడు.

నవంబరు నెల

కథోలిక సంప్రదాయంలో నవంబరు మృతుల నెల. నవంబరు 1 న సకల పునీతుల పండుగ, 2 న సకల మృతుల స్మరణ దినం వస్తాయి. 1969 నాటి సవరణకు ముందు 2వ తేది ఆదివారమైతే స్మరణను 3వ తేదికి మార్చేవారు. ఇప్పుడు ఆదివారం నాడే జరుపుతారు. 2025 లో ఇట్లే జరిగింది.

నవంబరు 1 నుండి 8 వరకు ఏ దినమైనా సమాధుల తోటను దర్శించి మృతుల కొరకు ప్రార్థించేవారు, తాము పొందే సంపూర్ణ శిక్షా విమోచనాన్ని మృతులకు అర్పించవచ్చును. నవంబరు 2 న దేవాలయాన్ని దర్శించి పరలోక జపం, విశ్వాస సంగ్రహం చెప్పేవారికి కూడా ఈ అవకాశం ఉంది. పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాద స్వీకారం, పోపు ఉద్దేశాల కొరకు ప్రార్థన, పాపం పట్ల విముఖత దీనికి షరతులు. ధనంతో దీనికి సంబంధం లేదు. పూర్వం దీనిని దినాలు, సంవత్సరాల లెక్కలో చెప్పేవారు. 1967 లో పోపు ఆరవ పౌలు ఆ లెక్కను రద్దు చేశాడు.

కోవిడ్ వ్యాప్తి కారణంగా 2020 లో సమాధుల వద్ద జనం గుమికూడకుండా ఈ ఎనిమిది దినాల అవకాశాన్ని నవంబరు నెల మొత్తానికి విస్తరించారు. 2021 లో కూడా దీనిని కొనసాగించారు. అనారోగ్యంతో ఇల్లు కదలలేని వారికి ఇంటి నుండే ప్రార్థించే వీలు కల్పించారు. ఆ రెండు సంవత్సరాలలో ఎందరో బంధువులు దగ్గర లేకుండా సమాధి చేయబడినారు. అట్టివారి స్మరణ ఆ నవంబరులలో ప్రత్యేక అర్థం సంతరించుకొన్నది.

అనేక దేశాలలో విశ్వాసులు తమ మృతుల పేర్లు కాగితంపై వ్రాసి దేవాలయంలో ఇస్తారు. ఐర్లండులో ఈ పట్టికలను నెలంతా బలిపీఠం వద్ద ఉంచుతారు. పోలండులో ఒక్కొక్క పేరును చదివి సమాజం ప్రార్థించే ఆచారం ఉంది.

తెలుగునాట

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సమాధుల పండుగకు కొన్ని దినాల ముందే పని ఆరంభమవుతుంది. వర్షాలకు పెరిగిన కలుపు పీకి, కూలిన మట్టి సరిచేసి, సమాధులకు సున్నం లేదా రంగు వేస్తారు. చెరిగిన పేర్లు తిరిగి వ్రాయిస్తారు. నవంబరు 2 న బంతి, చామంతి పూలతో అలంకరించి కొవ్వొత్తులు, అగరువత్తులు వెలిగిస్తారు. వేరే ఊళ్ళలో స్థిరపడినవారు కూడా ఆనాటికి స్వగ్రామం చేరడానికి ప్రయత్నిస్తారు. వీలైన చోట గురువు సమాధుల తోటలోనే పూజ చేసి, తరువాత సమాధుల మధ్య నడుస్తూ తీర్థజలం చల్లుతాడు. ఎవరూ రాని సమాధిపై ప్రక్క సమాధికి వచ్చినవారు ఒక వత్తి వెలిగించడం ఈ సందర్భంలో కనిపించే మంచి అలవాటు.

కొన్ని చోట్ల మృతులకు ఇష్టమైన పదార్థాలను సమాధి వద్ద ఉంచుతారు. ఇది సభ విధించినది కాదు, లోకాచారం. హిందువుల మహాలయ పక్షానికి, తద్దినానికి దీనితో పోలిక కనిపించినా భావంలో భేదం ఉంది. పితృకర్మలో పిండ తర్పణాలు పితరులకు చెందుతాయి. కథోలిక స్మరణలో ప్రార్థన దేవునికి చెందుతుంది. మృతుల పేరున అన్నదానం చేయడం మాత్రం రెండు సంప్రదాయాలలోను ఉంది.

స్థానిక ఆచారాలలో వేటిని అంగీకరించవచ్చునన్న ప్రశ్న తెలుగు ప్రాంతానికి క్రొత్త కాదు. 18వ శతాబ్దపు ఆరంభంలో యేసుసభ గురువులు కర్ణాటక మిషను పేరుతో రాయలసీమ ప్రాంతాలలో పనిచేశారు. వారు పాటించిన దేశీయ పద్ధతులపై 1704 లో పుదుచ్చేరిలో పోపు ప్రతినిధి తూర్నో ఆంక్షలు విధించాడు. అస్పృశ్యులుగా చూడబడిన రోగులకు చివరి సంస్కారాలను వారి ఇళ్ళకు వెళ్ళి ఇవ్వాలని కూడా అందులో ఆదేశం ఉంది. కులాచారాన్ని అనుసరించి గురువులు ఆ ఇళ్ళలో ప్రవేశించేవారు కాదు. 1744 లో పోపు 14వ బెనెడిక్టు ఈ వివాదంపై తుది నిర్ణయం ప్రకటించాడు. ఆచారాల విషయమై మిషనరీలు చేయవలసిన ప్రమాణం భారతదేశంలో 1940 వరకు అమలులో ఉండేది.

ఆదిలాబాదు (1999), శంషాబాదు (2017) మేత్రాసనాలు కేరళ మూలం గల సీరో-మలబారు సంప్రదాయానికి చెందినవి. ఆ సంప్రదాయపు పూజా పంచాంగంలో సకల మృతుల స్మరణ, క్రీస్తు ప్రత్యక్షత తరువాతి కాలపు చివరి శుక్రవారం నాడు వస్తుంది.

ఇతర దేశాలలో

మెక్సికోలో నవంబరు 1, 2 తేదీలలో ఇంట మృతుల చిత్రపటాలు, బంతిపూలు, రొట్టెలతో పీఠం అమరుస్తారు. దేశీయ ప్రజల ఆచారాలు, కథోలిక స్మరణ కలిసి ఏర్పడిన ఈ పండుగను యునెస్కో 2008 లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఫిలిప్పీన్సులో కుటుంబాలు సమాధుల వద్దనే గంటల తరబడి గడుపుతాయి. ఫ్రాన్సులో సమాధులపై చామంతులు ఉంచుతారు. అందువలన అక్కడ ఈ పూలను బహుమతిగా ఇవ్వడం శుభం కాదని భావిస్తారు. పోలండులో నవంబరు 1 రాత్రి సమాధుల తోటలు దీపాలతో వెలుగుతూ ఉంటాయి.

స్మరణకు దూరమైనవారు

1917 నాటి సభా ధర్మశాస్త్రం ఉద్దేశపూర్వకంగా ఆత్మహత్య చేసుకొన్నవారికి, ద్వంద్వ యుద్ధంలో మరణించినవారికి, తమ దేహాన్ని దహనం చేయమని కోరినవారికి క్రైస్తవ సమాధి నిరాకరించింది. కుటుంబానికి ఇది మరణదుఃఖంపై మరొక దుఃఖం. 1983 ధర్మశాస్త్రంలో ఆత్మహత్య చేసుకొన్నవారి ప్రస్తావన ఈ జాబితాలో లేదు. తీవ్రమైన మానసిక వ్యథ, భయం మనిషి బాధ్యతను తగ్గించగలవని, అట్టివారి రక్షణ విషయంలో నిరాశ చెందరాదని, సభ వారి కొరకు ప్రార్థిస్తుందని 1992 నాటి సత్యోపదేశ గ్రంథం చెబుతుంది.

జ్ఞానస్నానం పొందక ముందే మరణించిన శిశువులను పూర్వం ఆశీర్వదించిన భూమిలో సమాధి చేసేవారు కాదు. తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించాలని ఉద్దేశించి ఉంటే, పీఠాధిపతి అనుమతితో ఆ శిశువులకు అంత్యక్రియలు జరపవచ్చునని 1983 ధర్మశాస్త్రం (1183) తెలుపుతుంది. అట్టి శిశువుల రక్షణ గురించి ఆశించడానికి తగిన కారణాలు ఉన్నాయని 2007 లో అంతర్జాతీయ వేదాంత సంఘం వివరించింది.

దహన సంస్కారంపై నిషేధాన్ని 1963 లో సడలించారు. సమాధి చేయడమే శ్రేష్ఠమని సభ నేటికీ సూచిస్తుంది. చితాభస్మాన్ని గాలిలో, నేలపై, నీటిలో చల్లరాదని, పవిత్ర స్థలంలో భద్రపరచాలని 2016 లో ఆదేశించారు. స్మరణ కుటుంబానికే పరిమితమై కాలక్రమేణా మరుపున పడిపోకుండా, సమాజం ప్రార్థించే చోట నిలవాలన్నది ఇందుకు ఇచ్చిన ఒక కారణం. నదిలో అస్థికలు కలపడం సాధారణమైన భారతదేశంలో ఈ ఆదేశానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. అనేకుల భస్మాన్ని ఒకే పవిత్ర స్థలంలో కలిపి ఉంచవచ్చునని, అయితే ప్రతి ఒక్కరి పేరు నమోదు చేయాలని 2023 డిసెంబరులో వివరణ వచ్చింది.

భారతదేశంలో సమాధుల తోటలలో కులభేదం ఒక వేదన కలిగించే వాస్తవం. తమిళనాడులోని తిరుచిరాపల్లిలో ఒక కథోలిక సమాధుల తోటను కులాన్ని బట్టి విభజించే గోడ 2010 లో ఆందోళనలకు కారణమైంది. 2016 డిసెంబరులో భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారత గురించి ప్రకటించిన విధానంలో, సభలో కులవివక్ష పాపమని పేర్కొన్నది. మృతులందరి కొరకు ఒకే పూజ చేసే సమాజం వారిని గోడకు ఇరువైపులా పాతిపెట్టడం ఆ పూజ అర్థానికే విరుద్ధం.

ఇతర క్రైస్తవ శాఖల అభిప్రాయం

లూథరను, బాప్టిస్టు మొదలైన ప్రొటెస్టెంటు సంఘాలు సాధారణంగా మృతుల కొరకు ప్రార్థనను, ఉత్తరించు స్థలాన్ని అంగీకరించవు. రక్షణ విశ్వాసం ద్వారా లభించే దైవకృప అని, మరణం తరువాత మానవ ప్రయత్నంతో మార్పు జరగదని వారి వాదన. అయినప్పటికీ మృతుల జీవితాన్ని తలచుకొని దేవునికి కృతజ్ఞత చెల్లించే జ్ఞాపకార్థ కూడికలు తెలుగు ప్రొటెస్టెంటు సంఘాలలో విస్తారంగా జరుగుతాయి. కొన్ని సంఘాలు ఈస్టరు తెల్లవారుజామున సమాధుల వద్ద ఆరాధన జరుపుతాయి. ఆర్థడాక్సు సంఘాలు మృతుల కొరకు ప్రార్థిస్తాయి గాని, లాటిను సభ నిర్వచించిన రీతిలో ఉత్తరించు స్థల సిద్ధాంతాన్ని అంగీకరించవు.

కొన్ని పదాలు

* విచారణ: ఒక గురువు బాధ్యతలో ఉండే విశ్వాసుల సమాజం, దాని పరిధి.
* మేత్రాసనం: పీఠాధిపతి పాలనలో ఉండే విచారణల సముదాయం.
* దివ్యబలిపూజ: రొట్టె, ద్రాక్షారసాలను అర్పించే ప్రధాన ఆరాధన. వాడుకలో పూజ.
* ఉపదేశి: గ్రామంలో ప్రార్థనలు నడిపి, మతబోధ చేసే గృహస్థుడు.
* పునీతులు: మోక్షంలో ఉన్నారని సభ ప్రకటించి గౌరవించేవారు.
* ఉత్తరించు స్థలము: మోక్షప్రవేశానికి ముందు ఆత్మ పొందే శుద్ధి.
* పాస్కా వత్తి: ఈస్టరు రాత్రి ఆశీర్వదించి వెలిగించే పెద్ద కొవ్వొత్తి.
* సమాధుల తోట: క్రైస్తవుల శ్మశానవాటికకు తెలుగునాట వాడుక పేరు.